కాలువ కట్ట మీద ఎదురు

కోరుట్ల,
శివరాత్రి వెళ్లిన ఆదివారం.

కల్పనా,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుతావు. నవ్వు. నీతో ఫోన్లో మాట్లాడితే నువ్వు స్పీకర్ పెట్టి కుట్టు మిషన్ పక్కన పడేస్తావు. నా కష్టసుఖాలు సిరిసిల్ల మొత్తం వింటుంది. పోయినసారి నా మోకాలి నొప్పి గురించి చెబుతుంటే వెనక నుంచి ఎవరో "ఆముదం రాయమను" అని కేకేశారు. కాగితాన్ని స్పీకర్లో పెట్టలేవు కదా, అందుకని ఇది.

నువ్వు పంపిన దుర్భిణి అందింది. మొదటి రెండు రోజులు తిరగేసి పట్టుకుని చూసి, పిట్టలన్నీ ఎందుకింత చిన్నగా ఉన్నాయని తిట్టుకున్నాను. ఇప్పుడు అలవాటైంది. పొద్దున్నే బూట్లు వేసుకుని బయలుదేరుతున్నాను. బస్టాండు వెనక వీధిలో షట్టర్లు ఇంకా మూసే ఉంటాయి. సిమెంటు దుకాణం బోర్డు మీద ఒక అక్షరం ఊడిపోయి కన్నం పడింది చూడు, అందులో గోరింకలు కాపురం పెట్టాయి. టిఫిన్ బండి దగ్గర పిచ్చుకలు, చేపల మార్కెట్ వెనక మురికి కాలువలో కొంగలు. తెల్లటి కొంగ అంత మురికిలో నిలబడి అంత తెల్లగా ఎలా ఉంటుందో నాకు అర్థం కాదు. ఇళ్లు దాటితే కాలువ కట్ట. యాసంగి వరికి నీళ్లు వదిలారు, కాలువ నిండుగా పోతోంది. అవతల మోదుగులు పూశాయి.

తప్పులు చాలా చేస్తున్నానులే. కరెంటు తీగ మీద నీలిరంగు కనిపిస్తే పాలపిట్ట అనుకుని, చెప్పులు విప్పే అలవాటు కొద్దీ బూట్లు కూడా విప్పి దండం పెట్టుకున్నాను. అది లకుముకిపిట్ట. నా దండం అందుకుని బుడుంగున నీళ్లలో పడి చేపను పట్టుకుంది. నేను అంగన్‌వాడీలో పిల్లలకు ఏళ్లుగా చూపించే చార్టులో కాకి, చిలుక, నెమలి తప్ప ఏమీ లేవని ఇప్పుడు తెలిసింది. మీ చిన్నన్న తాడిచెట్టు ఎక్కినప్పుడల్లా పైనుంచి ఏ పిట్ట ఎక్కడ గూడు కట్టిందో చెప్పేవాడు. నేను వంట ధ్యాసలో ఊఁ కొట్టేదాన్ని. ఇప్పుడు కింద నుంచి చూస్తుంటే ఆయన చెప్పినవన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆయనే లేడు. పొద్దున పూట అది ఎక్కువ తెలుస్తోంది.

ఇక మీ పెద్దన్న సంగతి. తిరుపతి బావకు షుగర్ వచ్చిందని, డాక్టర్ నడవమన్నాడని నీకు తెలుసు కదా. ఆయన ఇప్పుడు కట్ట మీద నడిచేవాళ్ల సంఘానికి ప్రెసిడెంటు కూడా. మొదటి రోజు నేను ఎదురుపడగానే ఆగిపోయాడు. గిర్రున తిరిగి, తూము గోడ మీద కూర్చుని, సీసాలో నీళ్లు గుక్కెడు తాగి, నేను దాటిపోయాక లేచి మళ్లీ కొత్తగా బయలుదేరాడు. మొగుడు పోయినదాని ఎదురు మంచిది కాదు కదా. నేను ఆ చివరిదాకా వెళ్లి తిరిగి వస్తాను, కాబట్టి ఆయనకు ఎదురు రెండుసార్లు. రెండుసార్లు కూర్చుంటున్నాడు. డాక్టర్ నడవమంటే ఆయన కూర్చుంటున్నాడు. షుగర్ ఎట్లా తగ్గుతుంది చెప్పు?

ఇంకో వార్త. కట్ట మీద, మేం నడిచే దారి పక్కనే మొరంలో తీతువ గుడ్లు పెట్టింది. గూడు లేదు, ఏమీ లేదు, రాళ్ల మధ్య రాళ్లలా గుడ్లు. దగ్గరికి వెళ్తే చాలు, అరుచుకుంటూ నెత్తి మీదికి వస్తుంది. తీతువ అరిస్తే చావు కబురని మనవాళ్ల మాట. మీ చిన్నన్న పోయినప్పుడు కూడా అది అరిచిందన్నారు. అది ఇక్కడ పుట్టింది కాబట్టి ఇక్కడ అరుస్తుంది. ఆయనకు గుండె ఆగింది కాబట్టి పోయాడు. ఈ రెండింటికీ ముడి పెట్టినవాళ్ల నెత్తి మీదికి అది వస్తుంటే నాకు మాత్రం సంతోషంగా ఉంది.

నీ వదిన,
భూదేవి.


సిరిసిల్ల,
బుధవారం.

వదినా,

నీ ఉత్తరం కుట్టు షెడ్డులో దాక్కుని చదివాను. బూట్లు విప్పి దండం పెట్టిన దగ్గర నవ్వితే అందరూ నా వైపు చూశారు. చదవమన్నారు, చదవలేదు. కాగితాన్ని స్పీకర్లో పెట్టలేదు చూడు.

నా సంగతి చెప్పాలి. ఇన్నేళ్లు ఒకరి దగ్గర సూపర్‌వైజర్‌నని నిలబడి కాళ్లు వాచాయి. ఉగాదికి ఈ షెడ్డులోనే నా సొంత కుట్టు యూనిట్ మొదలుపెడుతున్నాను. ఎనిమిది మిషన్లు, బడిపిల్లల యూనిఫాంలు. ఇప్పటికే ఇద్దరు ముగ్గురు మిషన్ల మీద చెయ్యి తిప్పుకుంటున్నారు. పక్క వీధిలో సాంచాలు టకటకమంటూ నేస్తుంటాయి, మా మిషన్లు ఇక్కడ గిరగిరమంటూ కుడతాయి, సిరిసిల్లకు నిద్ర ఉండదు. ఇంటికి షెడ్డుకు ఒక్క వీధే దూరం. ఆ షెడ్డు పెద్దన్న స్నేహితుడిది, పెద్దన్న మాట మీదే ఇచ్చారు.

అందుకే ఒక మాట. పెద్దన్న మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తున్నాడు. "నీ వదినెకు చెప్పు, పొద్దుగాల్నే ఎదురెందుకచ్చుడు? ఎండెక్కినంక నడువుమను. సంఘంల అందరు నన్నే అడుగుతున్నరు, ప్రెసిడెంటువు, ఇంటి మనిషిని ఆపలేవా అంటున్నరు" అని. నీ ముందు అనడు కదా, మరదలితో మాట్లాడని మర్యాద ఆయనది. అదంతా నా చెవిలో పోస్తున్నాడు.

ఉగాది దాకా, వదినా. నా షెడ్డు తెరిచేదాకా మాత్రం పొద్దున నడక మానెయ్. లేదా ఎండ వచ్చాక వెళ్లు. తర్వాత నీ ఇష్టం. నేను నమ్ముతానని కాదు, నీకు తెలుసు. ఇల్లు కాస్త నెమ్మదిగా ఉంటే నా పని సాఫీగా అయిపోతుందని.

నీ కల్పన.


కోరుట్ల,
ఆదివారం.

కల్పనా,

సొంత యూనిట్ అనగానే కాగితం కళ్లకద్దుకున్నాను. ఆ మాట పైన రాసి, ఈ మాట కింద రాశావు. రెండూ చదివాను.

మానను.

ఎండ ఎక్కాక పిట్టలుండవు. ఉన్నా ఆకుల్లో దూరి కూర్చుంటాయి. తొమ్మిదికి నేను అంగన్‌వాడీ తెరవాలి. నాకున్నది ఆ పొద్దున్న పూటే. దుర్భిణి పంపిందీ నువ్వే, కళ్లు మూసుకోమనేదీ నువ్వేనా?

మొన్న ఏమైందో విను, తర్వాత కోప్పడు. సంఘం వాళ్లు కట్టను చదును చేద్దామని మొరం ట్రాక్టరు తెప్పించారు. తీతువ గుడ్లున్న చోటే కుప్ప పోయబోయారు. నేను వెళ్లి గుడ్ల ముందు నిలబడ్డాను. ఆ పిట్ట నన్ను కూడా వదల్లేదు, నా కొప్పు మీద తన్ని పోయింది. ట్రాక్టరు చిన్నయ్య ఇంజన్ ఆపాడు. బావ వచ్చాడు. నా వైపు చూడకుండా చిన్నయ్యతో అన్నాడు:

"గామెకు చెప్పు, పక్కకు జరుగుమని."

నేనూ చిన్నయ్యతోనే అన్నాను: "ఆయనకు చెప్పు, జరగనని."

"పిట్ట గుడ్లకు రోడ్డు ఆగుతదా అని అడుగు."

"నన్ను చూస్తే ఆయన నడక ఆగుతలేదా, గట్లనే ఆగుతది అని చెప్పు."

చిన్నయ్య ఇటు తిరిగి, అటు తిరిగి, చివరికి "మీ ఇద్దర్ల ఎవలన్న నాతోని కాకుండ మాట్లాడుకోండ్రి, నా డీజిలు కాలుతంది" అన్నాడు. వెనక నడిచేవాళ్లంతా నవ్వారు. మొరం తూము అవతల పోసి వెళ్లిపోయాడు. బావ ముఖం చూడాలి నువ్వు. ఆయన సీసాలో నీళ్లు అయిపోయాయి.

ఆయన చెడ్డవాడు కాదు. మీ చిన్నన్న పోయినప్పుడు అన్నీ భుజాన వేసుకుని చేసింది ఆయనే, నేను మర్చిపోలేదు. కానీ ఆ మర్నాటి నుంచి నన్ను చూస్తే ఆయనకు తమ్ముడి భార్య కనబడటం లేదు, ఎదురు కనబడుతోంది. నేను మనిషిని కల్పనా. కట్ట మీద నడుస్తాను. నేను పక్కకు జరిగితే రేపు ఆ వీధిలోంచి, ఎల్లుండి ఈ వాకిట్లోంచి జరగమంటారు.

ఇంకొకటి అడుగుతాను, దాచకుండా చెప్పు. ఉగాది పొద్దున నీ షెడ్డు దగ్గర నేను ఎక్కడ నిలబడాలి?

భూదేవి.


సిరిసిల్ల,
శుక్రవారం.

వదినా,

పని ఒత్తిడిలో ఆలస్యమైంది.

నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. ముహూర్తం పొద్దున్నే. పెద్దన్న, పెద్దవదిన వచ్చి కొబ్బరికాయ కొడతారు. నువ్వు మధ్యాహ్నం భోజనాలకు రా. నీకిష్టమని బూరెలు చేయిస్తున్నాను. ఆ రోజంతా నా దగ్గరే ఉండు, రాత్రికి వెళ్లనివ్వను.

ఇది పెద్దన్న మాట కాదు, నేను అనుకున్నదే. ఒక్క పొద్దున్న. దాన్ని పెద్దది చేయకు.

కల్పన.


జగిత్యాల,
మంగళవారం.

కల్పనా,

అంగన్‌వాడీ టీచర్లకు ఇక్కడ శిక్షణ పెట్టారు. కృపారాణి అని మా తోటి టీచర్, వాళ్లింట్లో దిగాను. నీ ఉత్తరం సంచిలో పెట్టుకునే వచ్చాను. రెండుసార్లు చదివి, మూడోసారి చదవలేక మడిచేశాను.

భోజనానికి రాను. పొద్దున పనికిరాని మనిషి మధ్యాహ్నం బూరెలకు పనికొస్తుందా? నీ మీద కోపం ఉంది. ఉంది కాబట్టి ఉందని రాస్తున్నాను. పెద్దన్న అంటే ఆయన పద్ధతి అనుకునేదాన్ని. "నేను అనుకున్నదే" అని నువ్వు రాసిన ముక్క ఉంది చూడు, కాగితం మడిచింది అక్కడే. నీ పెళ్లికి నీ తలలో పూలు పెట్టిన చేతులు ఇవి. మీ చిన్నన్న ఉన్నాడు కాబట్టి మంచివి, పోయాడు కాబట్టి చెడ్డవి. చేతులు మాత్రం అవే.

అయినా ఒకటి జరిగింది. ఇది నీకు తప్ప ఎవరికి చెప్పాలో తెలియలేదు.

ఇవాళ పొద్దున కృపారాణి, నేను కోట చుట్టూ నడిచాం. కందకంలో నీళ్లున్నాయి, గుర్రపుడెక్క మధ్య బుడుబుంగలు మునుగుతూ తేలుతూ ఉన్నాయి. ఒకటి మునిగితే ఎక్కడ తేలుతుందో మేమిద్దరం పందెం వేసుకున్నాం, ఇద్దరం ఓడాం. రాళ్ల గోడ సందుల్లో రామచిలకలు గోల. అక్కడ నన్నెవరూ ఎరగరు. ఎదురొచ్చిన ప్రతివాడూ దాటిపోతున్నాడు, ఎవరూ కూర్చోవడం లేదు. నాకు మొదట ఎందుకింత హాయిగా ఉందో తెలియలేదు. తర్వాత తెలిసింది.

తిరిగి వస్తుంటే ఒక సందులో గడప మీద తల్లీ కూతురూ నిలబడి ఉన్నారు. పిల్ల ఇంటర్, చేతిలో అట్ట, నీళ్ల సీసా. ఆ తల్లి నన్ను చూసి "అక్కా, జెర గా మూలకెల్లి మా దిక్కు నడిచి రావా? బిడ్డకు ఫిజిక్సు పరీక్ష. ఎదురుకు ఎవ్వలు దొరుకుతలేరు" అంది.

బొట్టు, గాజులు, బూట్లు చూసి ముత్తయిదువను అనుకుంది. నోరు మూసుకుని నడిచి ఉంటే అయిపోయేది. కృపారాణి నా చెయ్యి గిల్లింది కూడా. కానీ దొంగచాటుగా మంచిదాన్ని కావడం నాకు ఇష్టం లేదు.

"నా పెనిమిటి లేడమ్మా. పోయి రెండేండ్లయింది. అయినా రమ్మంటే అస్త" అన్నాను.

ఆ తల్లి చెయ్యి తలుపు మీద అట్లాగే ఉంది. అప్పుడు ఆ పిల్ల అంది: "అమ్మా, ఫిజిక్సు ఆమె రాస్తదా, నేను రాస్తనా? రా పెద్దమ్మా, నాకు బస్సు పోతది."

నేను మూల దాకా వెనక్కి వెళ్లి, తిరిగి నడిచి వచ్చాను. ఆ నాలుగు అడుగులు కట్ట మీద ట్రాక్టరు ముందు నిలబడటం కన్నా కష్టమయ్యాయి. పిల్ల గడప దిగి నా ముఖంలోకి చూసి నవ్వి, నన్ను దాటి పరుగెత్తింది.

అది పాసవుతుందో లేదో నాకు తెలియదు. ఫెయిలైతే ఆ తల్లి నన్ను తిట్టుకుంటుంది, పాసైతే మర్చిపోతుంది. తిట్టుకోనీ.

నీ యూనిట్ బాగా నడవాలి. అది మనసులోంచే అంటున్నాను. కానీ మధ్యాహ్నం రాను.

భూదేవి.


సిరిసిల్ల,
ఆదివారం.

వదినా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. నా మీద నాకే చిరాకు, దాన్ని అందరి మీదా చూపించాను. దారం తెగినా అరిచాను.

నిన్న ఎనిమిది మందినీ కూర్చోబెట్టి ఉగాది పనులు పంచాను. కొబ్బరికాయ ఎవరు, పూలు ఎవరు, వంట ఎవరు. చెబుతూ చెబుతూ, మా వదిన మధ్యాహ్నం వస్తుంది, ఆమెకు ఒక విస్తరి పక్కన పెట్టండి అన్నాను. "పొద్దున ఎందుకు రాదు మేడం?" అని ఒక పిల్ల అడిగింది. "మా చిన్నన్న లేడు కదా" అన్నాను. అంతే అన్నాను. అది సరిపోయే జవాబే అనుకున్నాను.

సుజాత అని ఉంది, నాకు దొరికిన వాళ్లలో చెయ్యి బాగా తిరిగినది. ఆమె భర్త సాంచాల మీద పని చేసేవాడు, పోయాడు. ఆమె కత్తెర కింద పెట్టి, "అయితే మేము గూడ మధ్యాన్నమే రావాల్నా మేడం? మరి పొద్దుగాల మిషన్లు ఎవలు నడుపుతరు?" అంది.

ఎగతాళి లేదు వదినా ఆమె గొంతులో. నిజంగానే అడిగింది, ఎన్ని గంటలకు రావాలో తెలుసుకుందామని. అప్పుడు చూశాను. ఎనిమిది మందిలో నలుగురికి భర్తలు లేరు. నేతగాళ్లు అప్పులకు బలైన ఈ ఊళ్లో అది వింత కాదు. రేపటి నుంచి రోజూ పొద్దున నేను షెడ్డుకు పోతుంటే నాకు ఎదురొచ్చేది వీళ్లే. వీళ్ల చేతుల మీద బతకబోతున్నాను, నా మొదటి పొద్దుకు మాత్రం వీళ్లు వద్దా? సిగ్గేసింది. నీకు రాసిన ముక్క గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది.

పెద్దన్నకు ఫోన్ చేశాను. స్పీకర్లోనే పెట్టాను, ఈసారి కావాలనే. "వదిన పొద్దుగాల్నే అస్తది అన్నా" అన్నాను.

"అయితే నేను రాను."

"రాకు."

"షెడ్డు నా దోస్తుది, యాదికున్నదా?"

"ఉన్నది. తీసుకొమ్మను. మిషన్లు రోడ్డు మీద ఏసి కుట్టిస్త. సిరిసిల్ల రోడ్డు గూడ నీ దోస్తుదేనా?"

అటు నుంచి ఫోన్ పెట్టేసిన చప్పుడు. ఇటు మిషన్ల దగ్గర ఒకటే నవ్వు. పెద్దన్నతో అలా మాట్లాడటం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.

ఇప్పుడు నిన్ను పిలుస్తున్నాను, విను. భోజనానికి కాదు. మూలన నిలబడటానికీ కాదు. ఉగాది పొద్దున నేను మా గడప దాటే సరికి నువ్వు వీధి చివర నుంచి నాకు ఎదురు రావాలి. అడిగి, పిలిచి, తెలిసి రప్పించుకునే ఎదురు. జగిత్యాలలో ముక్కూముఖం తెలియని పిల్లకు వెళ్లావు. నాకు రావా?

బూట్లు వేసుకునే రా. దుర్భిణి మెడలో ఉండాలి.

నీ కల్పన.


కోరుట్ల,
ఉగాది వెళ్లిన మూడో రోజు.

కల్పనా,

ఉగాది రోజంతా కలిసే ఉన్నాం, మళ్లీ ఈ ఉత్తరమెందుకంటావు. నువ్వు గడప దిగినప్పటి నుంచి నన్నే చూస్తూ వచ్చావు, కళ్లనిండా నీళ్లు పెట్టుకుని. అందుకే నీ వెనక ఏం జరిగిందో నువ్వు చూడలేదు. నేను చూశాను. ఆ మాట చెప్పకుండా నాకు నిద్ర పట్టదు.

రానన్న బావ వచ్చాడు కదా, తెల్ల చొక్కా వేసుకుని, నీ వెనకే గడప దిగాడు. వీధి చివర నేను కనబడగానే ఆయన కాళ్లు అలవాటు కొద్దీ వెనక్కి తిరిగాయి, లోపలికి వెళ్లి కూర్చుని నీళ్లు తాగడానికి. గుమ్మం నిండా సుజాతా వాళ్లు. చేతుల్లో పూలు, పసుపు పళ్లెం. ఒక్కరూ పక్కకు జరగలేదు. బావ అటు చూశాడు, ఇటు చూశాడు. సుజాత "నడువుండ్రి సార్, ముహూర్తం పోతది" అంది. ఇంకేం చేస్తాడు? నడిచాడు. నన్ను దాటుతున్నప్పుడు నేల చూపులే. కానీ ఆగలేదు. రెండేళ్లలో ఆయన నాకు ఎదురై ఆగకుండా పోవడం అదే మొదలు.

ఆయన మారిపోయాడని సంబరపడకు. నిన్న పొద్దున ఆయన కట్ట మీద లేడు. అవతలి కట్ట మీద ఉన్నాడు! మధ్యలో కాలువ ఉంటే ఎదురు అంటదని ఎవరు చెప్పారో మరి. ఒక్కడే, అవతల, విసవిస నడుస్తున్నాడు. కూర్చోవడం లేదు కాబట్టి షుగర్ మాత్రం తగ్గేలా ఉంది.

ఇవాళ పొద్దున వెళ్లేసరికి గుడ్లు లేవు. పెంకులున్నాయి, పిల్లలు లేవు. తల్లి తీతువ మాత్రం నెత్తి మీద తిరుగుతూ అరుస్తోంది. దుర్భిణి పెట్టి వెతుకుతున్నాను, మొరం రంగు పిల్లలు మొరంలో కనబడితేనా. అప్పుడు అవతలి కట్ట నుంచి కేక వినబడింది. నన్ను పిలిచి కాదు, కాలువ నీళ్లతో అన్నట్టు:

"గా తీతువ పిల్లలు తూము కిందికి దిగినయ్. ఎవలన్న చూస్తున్నరో లేదో!"

చూశాను. తూము గోడ నీడలో, పొడుగు కాళ్ల మీద తూలుకుంటూ, మూడు. పుట్టి ఒక పూట కాలేదు, అప్పుడే పరుగు. మీ చిన్నన్న ఉంటే చెట్టు మీద నుంచి ముందుగా చూసి చెప్పేవాడు. ఇవాళ ఆయన అన్న చెప్పాడు. నేను కట్ట మీదే కూలబడి ఏడ్చాను, దాచను. తర్వాత లేచి కాలువతోనే అన్నాను: "చూస్తున్నరు."

బావ నడుచుకుంటూ పోయాడు. ఇవతలికి ఎప్పుడు వస్తాడో, అసలు వస్తాడో రాడో నాకు తెలియదు. అది ఆయన ఇష్టం. ఈ కట్ట మీద మాత్రం రేపు పొద్దున నేనుంటాను, ఎవరు ఎదురొచ్చినా.

నీ వదిన,
భూదేవి.